కుట్టుపని నేర్చుకుందాం – ఏడవ పాఠం: పెద్ద కోన్‌కు తగిన దారం స్టాండ్

గత పాఠంలో బాబిన్ కేసు మరను సరిచేసి, పై దారానికీ కింది దారానికీ బిగువు కుదర్చడం నేర్చుకున్నాం. ఆ బిగువు చిన్న రీలుతో చక్కగా నిలిచి, అదే మిషన్‌కు వేల మీటర్ల దారం చుట్టిన పెద్ద కోన్ పెట్టగానే చెడిపోయిందంటే, పై దారాన్ని నొక్కి బిగువునిచ్చే టెన్షన్ బిళ్ళలను ముట్టుకోకుండా ముందుగా దారం వాటి వరకు ఏ దారిన వస్తున్నదో చూడాలి. ఈ పాఠం ఆ దారి గురించి.

మామూలు కుట్టులో ఒక మీటరు కుట్టుకు పై దారం, కింది దారం కలిపి సుమారు రెండున్నర మీటర్లు పడుతుంది. ఆ లెక్కన 5000 మీటర్ల కోన్ ఒక్కటి దాదాపు 2000 మీటర్ల కుట్టుకు సరిపోతుంది. బడులు తెరిచే ముందు ఒకే రంగు యూనిఫాంలు వరుసగా కుట్టే మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మహిళా సంఘాల సభ్యులకు మాటిమాటికీ రీలు మార్చే పని తప్పాలంటే కోన్ కావలసిందే. అయితే కోన్‌కు తగిన స్టాండ్ కూడా కావాలి.

చిన్న రీళ్ళలో చాలావాటిపై దారం పక్కపక్కనే వరుసగా చుట్టి ఉంటుంది. కడ్డీకి తగిలించి లాగితే రీలు తాను తిరుగుతూ దారాన్ని పక్క నుంచి వదులుతుంది. కోన్‌పై దారం ఏటవాలుగా, ఒక చుట్టు మీద మరొకటి అడ్డం పడుతూ ఉంటుంది. కోన్ కదలకుండా నిలబడి ఉండగా దారం దాని కొన మీదుగా పైకి జారిపోవాలి. పోచంపల్లిలోనో నారాయణపేటలోనో మగ్గం దగ్గర కాసేపు నిలబడి చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. అడ్డదారాన్ని మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తుతున్నా దానిలోని కండె, అంటే దారం చుట్టిన పుల్ల, తిరగదు. పేక దారం కండె కొన నుంచే జారుతూ వస్తుంది.

నేను మొదటిసారి కోన్ కొన్నప్పుడు ఈ తేడా తెలియక దాన్ని మిషన్ తలపై ఉన్న కడ్డీకే తొడిగాను. బరువుకు కోన్ ఒక పక్కకు ఒరిగింది, దారం ఆగి ఆగి వచ్చి మూరకొకసారి తెగింది. సూది మార్చాను, నూనె వేశాను, బిళ్ళలను వదులు చేశాను. ఒక పూటంతా గడిచింది. చివరికి పక్కవీధి దర్జీ పెద్దాయన వచ్చి, కోన్‌ను నేలపై నిలబెట్టి, దారాన్ని కిటికీ కొక్కెం మీదుగా మిషన్‌కు అందించగానే అదే దారం తెగకుండా నడిచింది. స్టాండ్ చేయవలసిన పని కూడా అంతే.

కాబట్టి స్టాండ్‌లో మొట్టమొదట చూడవలసింది కొక్కెం ఎత్తు. కొక్కెం కన్ను కోన్ నడిమధ్యకు సూటిగా పైన ఉండాలి. కోన్ అడుగు నుంచి ఆ కన్ను వరకు ఉండే ఎత్తు, కోన్ ఎత్తుకు రెండు నుంచి రెండున్నర రెట్లు ఉండాలి. 12 సెంటీమీటర్ల కోన్‌కు 24 నుంచి 30 సెంటీమీటర్లు, 17 సెంటీమీటర్ల పొడవాటి గొట్టానికి 34 నుంచి 42 సెంటీమీటర్లు అవసరమన్నమాట. కొక్కెం మరీ దగ్గరగా ఉంటే దారం కోన్ పై అంచును రాసుకుంటూ వస్తుంది. పక్కకు జరిగి ఉంటే చుట్టులో సగం సులువుగా వచ్చి, మిగిలిన సగం అంచుకు తగులుతుంది. రెండు సందర్భాల్లోనూ బిగువు క్షణక్షణం మారుతుంది గనుక బిళ్ళలను ఎంత తిప్పినా కుట్టు ఒక తీరుగా రాదు. మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్ళేటప్పుడు మీరు వాడే కోన్‌ను, టేపును వెంట తీసుకెళ్ళి, కోన్‌ను స్టాండ్‌పై పెట్టి కొలిచిన తరువాతే డబ్బు ఇవ్వండి.

తరువాత చూడవలసింది దిమ్మ. కాలితో తొక్కే మిషన్ బల్ల ఎంతో కొంత ఊగుతూనే ఉంటుంది కాబట్టి తేలికపాటి ప్లాస్టిక్ దిమ్మ కొద్దికొద్దిగా జరుగుతుంది. పోత ఇనుప దిమ్మ అయితే మంచిది. ప్లాస్టిక్‌దే కొంటే బల్లకు మరలతో బిగించుకునే రంధ్రాలు ఉన్నదాన్ని ఎంచుకోండి. పొడిగించే కడ్డీ ఉన్న స్టాండ్ అయితే కడ్డీని పూర్తిగా పైకి లాగి, కొసను పట్టుకుని ఊపి చూడండి. కీలు దగ్గర వదులు కనిపిస్తే దాన్ని తీసుకోవద్దు.

కొక్కెం లోపలి అంచు నున్నగా ఉండాలి. కంటికి కనిపించని గరుకును దూది పట్టిస్తుంది: చిటికెడు దూదిని కొక్కెంలో నుంచి లాగితే పోగులు ఎక్కడ తగులుకుంటాయో అక్కడే రేపు మీ దారం తెగుతుంది.

ఒక కోన్ పట్టే స్టాండా, రెండు పట్టేదా అని అడిగితే నేను రెండు పట్టేదే కొనమంటాను. సూదిలో ఎక్కించిన దారాన్ని తీయకుండానే రెండో కోన్ నుంచి బాబిన్ చుట్టుకోవచ్చు. మూడు, నాలుగు కోన్‌లవి గుడ్డ అంచులు పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషన్ ఉన్నవారికే అవసరం.

స్టాండ్‌ను మిషన్ వెనుక, దారం చక్రానికీ పట్టాకూ తగలని చోట ఉంచాలి. ఎండాకాలంలో పంకా కింద కూర్చుని కుట్టేవారు ఇంకో సంగతి గమనించాలి: కోన్‌కు, మిషన్‌కు మధ్య వేలాడే దారం గాలికి ఊగి చిక్కుపడుతుంది, కనుక ఆ దూరాన్ని వీలైనంత తగ్గించుకోవాలి. నున్నటి సిల్కు దారం తనంతట తానే కోన్ అడుగుకు జారి పోగుపడితే, కోన్‌కు వల తొడుగు వేసి, కింద పలుచని స్పాంజి ముక్క పెట్టండి. గద్వాల చీర మీదికి వేసుకునే జాకెట్‌కు జరీ దారంతో కుట్టేటప్పుడు మాత్రం ఆ రీలును స్టాండ్‌పై నిలబెట్టకండి; రేకులాంటి ఆ దారాన్ని కొన మీదుగా లాగితే మెలిపడుతుంది, అందుచేత రీలు తిరిగేలా కడ్డీకే తగిలించాలి.

ఈ వారం అభ్యాసానికి పాత పంచె ముక్కపై మీటరు పొడవున రెండు గీతలు కుట్టండి: మొదటిది చిన్న రీలుతో, రెండవది అదే రకం దారపు కోన్‌ను స్టాండ్‌పై పెట్టి, బిళ్ళలను కదపకుండా. గుడ్డను తిరగేసి రెండు గీతలనూ పక్కపక్కన చూడండి. రెండవ గీతలో ఎక్కడైనా కుట్టు వదులైతే కొక్కెం ఎత్తును ఒక్కొక్క అంగుళం పెంచుతూ మళ్ళీ కుట్టి, ప్రతి గీత పక్కన ఆ ఎత్తును పెన్సిలుతో రాయండి. ఆ గుడ్డను పారవేయకండి. కుట్లు తప్పడానికి కారణాలు వెతికే ఎనిమిదవ పాఠాన్ని దానితోనే మొదలుపెడతాం.