ఇంట్లోనే పాడ్‌కాస్ట్, 4వ పాఠం: కత్తెర ఎక్కడ ఆగాలి

నలుగురూ నడిచే దారి వదిలేసి తమకు తోచినట్టు బతికినవాళ్లు ఎవరైనా ఉంటే, కూర్చోబెట్టి పావుగంట రికార్డు చేసుకు రమ్మన్నాను. చేశారా? చేయకపోతే ముందు ఆ పని చూడండి. చేతిలో ఆడియో లేకుండా ఎడిటింగ్ పాఠం చదవడం గట్టున కూర్చుని ఈత నేర్చుకోవడమే.

అసలు ఫైల్‌ని ఇంకోచోట కాపీ చేసి దాచండి. దాని జోలికి ఇక పోవద్దు. కాపీని ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. ఉచితమే, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. మొదటిసారి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, మౌస్ ముట్టుకోకుండా చివరిదాకా వినండి. చెవికి గుచ్చుకున్న చోటల్లా నిమిషం, సెకను కాగితం మీద రాసుకోండి.

ముందు రొద సంగతి. నేను రికార్డు చేసింది తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక మేడ మీది గదిలో. కింద బస్సుల హారన్లు, పైన ఫ్యాను. మాటలు మొదలయ్యే ముందు పది సెకన్లు ఉత్త గది చప్పుడు రికార్డు చేయమన్నది ఇందుకే. ఆ ముక్కని సెలెక్ట్ చేసి నాయిస్ రిడక్షన్‌లో 'గెట్ నాయిస్ ప్రొఫైల్' నొక్కండి. తర్వాత మొత్తం సెలెక్ట్ చేసి, అదే ఎఫెక్ట్ మళ్లీ తెరిచి 6 నుంచి 10 డెసిబెల్స్ తగ్గించండి. అంతకు మించితే మనిషి రేకుడబ్బాలోంచి మాట్లాడినట్టుంటుంది. ఫ్యాన్ లాంటి ఆగని రొదకే ఈ మందు. హారన్‌కి పనిచేయదు, ఉండనివ్వండి. తిరుపతి కూడా కాస్త వినపడితే తప్పేముంది!

ఇక కోతలు. నేను మాట్లాడించిన పెద్దాయనకు డెబ్బై దాటాయి. డిగ్రీ మధ్యలో వదిలేసి, జుట్టు పెంచుకుని, 1970ల్లో హిప్పీల వెంట గోవా దాకా పోయారు. తిరిగొచ్చాక మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో జిడ్డు కృష్ణమూర్తి ప్రసంగాలు విన్నారు. ఉద్యోగం, పెళ్లి రెండూ వద్దనుకున్నారు.

రికార్డింగ్‌లో ఒకచోట, "ఇల్లిడిసి పోయినందుకు నాకేం బాధ లేదు నాయినా" అన్నారు. ఆ తర్వాత ఏడు సెకన్లు మాట లేదు. ఫ్యాను చప్పుడే. తర్వాత, "మా అమ్మకు చెప్పకుండా పోయినా. అదొకటే ఉండాది."

ఖాళీ ఉంటే వినేవాళ్లు పోతారని నాకు టెన్షన్. 'ట్రంకేట్ సైలెన్స్' నొక్కేశాను. ఏడు సెకన్లు అర సెకను అయింది. బయటపెట్టే ముందు వినిపిస్తానని మాట ఇచ్చాను కదా (2వ పాఠం గుర్తుందా?), ఫోన్లో వినిపించాను.

"నేనట్ల అన్లేదే" అన్నారు.

"మీ గొంతే కదా పెద్దాయనా."

"గొంతు నాదేలే. అమ్మ మాట అంత గబుక్కున అంటానా నేను?"

వెంటనే అసలు ఫైల్ తెరిచి ఏడు సెకన్లూ వెనక్కి పెట్టాను. ఆ బటన్ జోలికి మళ్లీ పోలేదు, మీరూ పోకండి. మాటకు మాటకు మధ్య నసుగుళ్లు, టీ గ్లాసుల చప్పుడు, మన ప్రశ్నల్లోని సోది ధారాళంగా కోయండి. నేనైతే నా మాటలు సగం తీసేశాను, ఎవరికీ లోటు రాలేదు. జవాబుకు ముందు మనిషి ఆగిన చోటు కోయొద్దు. "కానీ" అన్నాక వచ్చే వాక్యాన్ని అస్సలు తీయొద్దు. ఒక ప్రశ్నకు చెప్పిన జవాబును ఇంకో ప్రశ్న కింద అతికించడం ఎడిటింగ్ కాదు, మోసం.

వాళ్లు చెప్పినదాంట్లో పొరపాటుంటే? పెద్దాయన గుడ్డసంచి మీద శాంతి గుర్తు ఉంది. అది అమెరికా హిప్పీలు కనిపెట్టిందన్నారు. నిజానికి 1958లో బ్రిటన్‌లో అణ్వాయుధాలకు వ్యతిరేకంగా లండన్ నుంచి ఆల్డర్‌మాస్టన్‌కు జరిగిన పాదయాత్ర కోసం గెరాల్డ్ హోల్టమ్ గీశాడు. జెండాలతో అక్షరాలు చూపే సెమఫోర్ పద్ధతిలో ఎన్, డి (న్యూక్లియర్ డిసార్మమెంట్, అంటే అణు నిరాయుధీకరణ) కలిపితే వచ్చిన బొమ్మ అది. హిప్పీల చేతికి తర్వాత వచ్చింది. ఆయన మాట కోయలేదు, మధ్యలో దూరి సరిదిద్దలేదు. ఎపిసోడ్ చివర నా గొంతుతో రెండు వాక్యాలు చేర్చి, అవీ ఆయనకు వినిపించాను. "అట్లనా! ఇన్నేండ్లు తెలీకనే మోసినానే" అని నవ్వారు. ఆ నవ్వు రికార్డు చేయనందుకు ఇప్పటికీ తిట్టుకుంటాను.

చివరి పని చిన్నదే. లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌లో మోనోను (ఒకే చానల్ ఆడియోను) డ్యూయల్ మోనోగా (రెండు స్పీకర్లలోనూ వినిపించేదిగా) లెక్కించే టిక్ ఉంచి మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలత) పెట్టండి. 64 కేబీపీఎస్ మోనో ఎంపీత్రీగా ఎక్స్‌పోర్ట్ చేయండి. అరగంట ఎపిసోడ్ 14 ఎంబీ దాకా వస్తుంది, తక్కువ డేటా ఉన్నవాళ్లూ వినగలరు.

వచ్చే పాఠం లోపు మీ పావుగంటను పది నిమిషాలకు దించండి. ఆ మనిషి పక్కన కూర్చుని కలిసి వినండి. ఆయన ముఖం ఎక్కడ మారిందో ఆ సెకను రాసుకుని తీసుకురండి.