జనం పోగయ్యే రోజుకు ముందు: "ఆపండి" అనేది ఎవరు?

మొన్న మళ్ళీ తొక్కిసలాట వార్త. మళ్ళీ అదే మాట: "ఇంతమంది వస్తారనుకోలేదు." సభలు, ఉత్సవాల రోజులు దగ్గరపడుతున్నాయి. స్థానిక సంస్థ, పోలీసు, ఫైర్, అంబులెన్స్ విభాగాల్లో ఆ పని మీద ఉండేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మంచినీళ్ళు, బారికేడ్లు, మైకుల సంగతి మీకు తెలిసిందే, వాటి జోలికి పోను.

నేను చూసిన తప్పు ఒక్కటే. అన్ని శాఖలవాళ్ళూ ఉంటారు. జనాన్ని ఆపమనే అధికారం ఎవరిదో మాత్రం ముందే తేల్చుకోరు.

ఒకసారి గేటు దగ్గర వలంటీరుగా ఉన్నాను. నా ఎదురుగా ఒకావిడ రెండు చేతులూ గుండెల దగ్గరే ఇరుక్కుపోయాయి. కళ్ళలోకి చెమట కారుతోంది, తుడుచుకోలేకపోతోంది. వాకీటాకీలో చెప్పాను. "పోలీసులను అడగండి" అన్నారు. పోలీసాయన "నిర్వాహకులు చెప్పాలి" అన్నాడు. నిర్వాహకుడు "మున్సిపల్ వాళ్ళను అడుగుతున్నా" అన్నాడు. ఇంతసేపూ గేటు బార్లా తెరిచే ఉంది. వాన మొదలై వెనకవాళ్ళు చెదిరిపోయారు కాబట్టి బతికిపోయాం.

2022 అక్టోబర్ 29న సియోల్‌లోని ఇటెవాన్‌లో హాలోవీన్ వేడుకకు జనం పోటెత్తారు, ఒక సందులో జరిగిన తొక్కిసలాటకు 159 మంది బలయ్యారు. సాయంత్రం ఆరున్నరకే పోలీసులకు మొదటి ఫోన్ వెళ్ళింది. ప్రమాదం జరిగింది రాత్రి పది దాటాక. ఆ వేడుకకు నిర్వాహకులంటూ ఎవరూ లేరు, అందుకే జనాన్ని అదుపు చేసే బాధ్యత ముందుగా ఎవరూ నెత్తిన వేసుకోలేదు. 1989లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో, హిల్స్‌బరో ఫుట్‌బాల్ స్టేడియంలో బయటి రద్దీ తగ్గించడానికి ఒక గేటు తెరిచారు. అప్పటికే కిక్కిరిసిన మధ్య భాగానికి వెళ్ళే సొరంగం మాత్రం మూయలేదు. 97 మంది పోయారు.

పేరుకు తొక్కిసలాట అంటాం గానీ, ఎక్కువమంది చనిపోయేది కాళ్ళ కింద పడి కాదు. నిలబడ్డచోటే ఛాతీ నొక్కుకుపోయి, ఊపిరాడక పోతారు. చదరపు మీటరుకు ఐదుగురు దాటితే ప్రమాదం మొదలైనట్టే. ఇంకా పెరిగితే ఎవరి కాళ్ళు వాళ్ళ స్వాధీనంలో ఉండవు, జనం అలలా ఊగుతారు. ముందువరుసలో ఏం జరుగుతోందో వెనకవాళ్ళకు తెలియదు, నెడుతూనే ఉంటారు. అందుకే ఆపాల్సింది వెనక నుంచి, దూరంలోనే.

ఇక చేయాల్సినవి.

ఆపే అధికారం ఒక్క మనిషికే. పేరు, నంబరు కాగితం మీద రాసి అన్ని శాఖలకూ ఇవ్వండి. "కమిటీ చూసుకుంటుంది" అంటే ఎవరూ చూసుకోరు.

ఆయన భోజనానికి వెళ్తే బదులు ఎవరో కూడా రాయండి.

నిర్వాహకులు లేకపోయినా జనం వస్తారని తెలిస్తే అది మీ పనే.

రావడానికీ పోవడానికీ ఒకే దారి పెట్టొద్దు. 2010లో జర్మనీలోని డూయిస్‌బర్గ్‌లో, లవ్ పరేడ్ అనే సంగీతోత్సవంలో ఆ ఏర్పాటే 21 మందిని బలితీసుకుంది.

అన్ని శాఖలూ ఒకే గదిలో కూర్చోవాలి. వాట్సాప్ గ్రూప్ చాలదు.

గేటు తెరిచే ముందు లోపల ఖాళీ ఉందో లేదో కళ్ళతో చూసినవాళ్ళను అడగండి.

అంబులెన్స్ దారిలో ఎవరి కారూ వద్దు. పెద్దవాళ్ళ కారైనా సరే.

గేటు దగ్గరి వలంటీరు "ఇరుకుగా ఉంది" అంటే ముందు ఆపండి, కారణాలు తర్వాత అడగండి.

మళ్ళీ తెరవాలన్నా ఆ ఒక్క మనిషే చెప్పాలి.

కార్యక్రమానికి ముందురోజు నలుగురు సిబ్బందిని విడివిడిగా అడగండి, "ఆపేది ఎవరు?" అని. నలుగురూ ఒకే పేరు చెప్పకపోతే ఆ రాత్రే మళ్ళీ అందర్నీ కూర్చోబెట్టండి.