ఫార్మాట్ కొట్టేముందు వాట్లు చూడండి: వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్ సమస్యలు - పరిష్కారాలు

వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్ స్లో అయిందంటే బెంగళూరులో మనవాళ్లు ఇచ్చే మొదటి సలహా 'ఫార్మాట్ కొట్టెయ్', రెండోది 'డ్రైవర్ అప్‌డేట్ చెయ్'. ఆ రెండింటికీ ముందు చూడాల్సింది కరెంటు లెక్క. మెషీన్‌కి ఎన్ని వాట్లు అందుతున్నాయి, అవి ఎటు పోతున్నాయి? సాలిడ్‌వర్క్స్, క్యాటియా, బ్లెండర్ లాంటి 3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్లు నడిపేవాళ్ల కంప్లైంట్లు చాలావరకు అక్కడే తేలిపోతాయి. కింద రాసినదంతా విండోస్ 11కి, చివర లినక్స్ వాళ్లకి నాలుగు మాటలు.

సమస్య: ఆఫీసులో బాగుంది, రూమ్‌లో పాకుతోంది

ఛార్జర్ పెట్టే ఉంటుంది. అయినా స్క్రీన్ మీద 3డీ మోడల్ తిప్పితే ఆగి ఆగి కదులుతుంది. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వేగం 0.8 గిగాహెర్ట్జ్ దగ్గరో ఇంకా కిందో అతుక్కుపోయి కనిపిస్తుంది. ఒక్కోసారి ఛార్జింగ్‌లో ఉండగానే బ్యాటరీ శాతం దిగిపోతుంటుంది.

ఈ తరహా ల్యాప్‌టాప్‌లతో 170, 180, 230, 240 వాట్ల ఛార్జర్లు వస్తాయి. ఇటుకంత బరువు కాబట్టి దాన్ని ఆఫీసు డెస్క్ కిందే వదిలేసి, పీజీలో రూమ్‌మేట్ 65 వాట్ల టైప్-సి ఛార్జర్‌తో నెట్టుకొస్తారు. మామూలు టైప్-సి పవర్ డెలివరీ గరిష్ఠంగా ఇచ్చేది 100 వాట్లు. 2021లో వచ్చిన 3.1 ప్రమాణం 240 వాట్ల దాకా వెళ్తుంది కానీ ల్యాప్‌టాప్, ఛార్జర్, కేబుల్ మూడూ దానికి తగినవే ఉండాలి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు కలిసి 120 వాట్లు అడిగే పని పెట్టి 65 ఇస్తే, ఫర్మ్‌వేర్ (మెషీన్ లోపలి కంట్రోల్ ప్రోగ్రామ్) రెండింటి గొంతూ నొక్కేస్తుంది. అందులో డ్రైవర్ తప్పేమీ లేదు.

డాక్ (ఒకే కేబుల్‌తో మానిటర్, కీబోర్డు, ఛార్జింగ్ అన్నీ కలిపే పెట్టె) వాడేవాళ్లకు ఇంకో తిరకాసు. డాక్ అడాప్టర్ మీద 180 వాట్లని రాసి ఉంటుంది, ల్యాప్‌టాప్‌కి చేరేది అందులో కొంతే. మిగతాది డాక్ తనకీ, తనకు తగిలించిన పరికరాలకీ ఉంచుకుంటుంది. కంపెనీ వేరైతే ఇచ్చేది ఇంకా తగ్గొచ్చు.

మూడో కారణం ఛార్జర్ పిన్ను. డెల్ గుండ్రటి పిన్నుల్లో మధ్యన సన్నటి సూది ఒకటి ఉంటుంది. ఛార్జర్ ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కి చెప్పేది అదే. అది వంగినా, డూప్లికేట్ ఛార్జర్ ఆ సంకేతం సరిగా ఇవ్వకపోయినా, ఆన్ చేయగానే అడాప్టర్‌ను గుర్తించలేదని హెచ్చరిక వస్తుంది. చాలామంది ఎంటర్ కొట్టి దాటేస్తారు. ఆ తర్వాత బ్యాటరీ ఎక్కదు, వేగమూ రాదు.

ఏం చేయాలంటే, ముందు బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్‌ల స్క్రీన్) వెళ్లి అడాప్టర్ వాటేజ్ ఎంత చూపిస్తోందో చదవండి. చాలా మోడళ్లలో ఆ వివరం ఉంటుంది. తక్కువ చూపిస్తే అసలు ఛార్జర్‌తో మళ్లీ పరీక్షించండి. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ మార్కెట్ ఎస్పీ రోడ్‌లో రెండోది కొనాలనుకుంటే రేటు కంటే ముందు వాటేజ్, పార్ట్ నంబర్ అడగండి. సరైన ఛార్జరే ఉన్నా స్లోగా ఉంటే సెట్టింగ్స్, సిస్టమ్, పవర్‌లో పవర్ మోడ్‌ను 'బెస్ట్ పర్ఫార్మెన్స్'కి మార్చండి. అప్పటికీ తేలకపోతే మెషీన్ సెన్సార్లు చదివి చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో పెట్టి చూడండి. ప్రాసెసర్‌ను ఆపుతున్నది వేడా, పవర్ లిమిటా అన్నది అందులో విడివిడిగా కనిపిస్తుంది.

సమస్య: గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా కూర్చుంది

టాస్క్ మేనేజర్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్ నూటికి దగ్గరగా ఉంటుంది, ఎన్విడియా సున్నా. బ్యాటరీ ఆదా కోసం ఇంటెల్, ఎన్విడియా రెండూ పెట్టి చేసిన హైబ్రిడ్ ఏర్పాటులో ఏ యాప్‌ను ఎవరికివ్వాలో సిస్టమ్ ఊహిస్తుంది, ఆ ఊహ అప్పుడప్పుడు తప్పుతుంది. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లోకి వెళ్లి ఆ యాప్‌కి 'హై పర్ఫార్మెన్స్' ఎంచుకోండి. కొత్త వెర్షన్ వేరే ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ అయితే ఈ పని మళ్లీ చేయాలి. సాలిడ్‌వర్క్స్‌లో అయితే ఆప్షన్స్, పర్ఫార్మెన్స్‌లో 'యూజ్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌జీఎల్' టిక్ పడి ఉందేమో చూడండి. ఉంటే భారమంతా ప్రాసెసర్ మీదే. ఫైళ్లన్నీ మూసేస్తేనే ఆ టిక్ తీయనిస్తుంది.

కార్డు నూటికి నూరు పనిచేస్తున్నా పక్కసీటు వాళ్ల మెషీన్ కంటే వెనకబడితే సెట్టింగ్‌లు వెతకడం దండగ. ఆర్‌టీఎక్స్ ఏ2000 ల్యాప్‌టాప్ చిప్పునే తీసుకోండి. ఒకే పేరుతో 35 వాట్ల నుంచి 95 వాట్ల దాకా అమ్ముతారు. సన్నటి బాడీలో ఉన్నది లావు బాడీలో ఉన్నదాన్ని ఎన్నటికీ అందుకోలేదు. కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఇది, ఆ తర్వాత చేయగలిగింది లేదు.

సమస్య: ఏ పనీ చేయకుండానే బ్యాటరీ ఖాళీ

చాలా వర్క్‌స్టేషన్లలో బయటి మానిటర్ పోర్టుల వైరింగ్ నేరుగా ఎన్విడియాకే ఉంటుంది. మానిటర్ తగిలించి ఉన్నంతసేపూ ఆ కార్డు నిద్రపోదు. బయోస్‌లో 'డిస్క్రీట్ ఓన్లీ' (ఎప్పుడూ ఎన్విడియానే వాడటం) పెట్టినా అంతే, కాబట్టి ఛార్జర్ లేకుండా తిరిగేవాళ్లు హైబ్రిడ్‌లోనే ఉంచండి. ఏ యాప్ కార్డును పట్టుకుందో ఎన్విడియా-ఎస్‌ఎమ్‌ఐ కమాండ్ చెబుతుంది. కాకపోతే పదేపదే నడపకండి, అడిగినప్పుడల్లా నిద్రపోతున్న కార్డును అది లేపుతుంది.

సమస్య: బ్యాగులో పెట్టిన ల్యాప్‌టాప్ కాలిపోతోంది

శుక్రవారం సాయంత్రం మూత మూసి బ్యాగులో పెట్టి, మారతహళ్లిలో విజయవాడ బస్సెక్కుతారు. పొద్దున్నే తీస్తే పెనం, బ్యాటరీ సున్నా. మోడర్న్ స్టాండ్‌బై అనే స్లీప్ పద్ధతి ఉన్న మెషీన్లలో మూత మూయడమంటే పూర్తి నిద్ర కాదు. నెట్‌వర్క్, అప్‌డేట్లు లోపల మేలుకునే ఉండొచ్చు. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో మూత మూస్తే 'హైబర్నేట్' (పని డిస్క్‌లో దాచి పూర్తిగా ఆగిపోవడం) అయ్యేలా మార్చండి. ఆఫీసు ఐటీ వాళ్లు ఆ సెట్టింగ్ లాక్ చేస్తే, ఊరికి బయల్దేరేముందు షట్‌డౌన్ చేయడమే దారి.

సమస్య: ఫ్యాన్ మోత, వేడి

బెంగళూరు చల్లదనం పరుపు మీద పెట్టిన ల్యాప్‌టాప్‌ను కాపాడదు. గాలి లోపలికి వెళ్లేది అడుగు నుంచే. బల్ల మీదకు మార్చి, వెనక అంచు కొంచెం ఎత్తండి. భారీ పనిలో ప్రాసెసర్ 95 డిగ్రీలు చూపించినా టెన్షన్ పడొద్దు, చాలా ఇంటెల్ చిప్పుల హద్దు 100. ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఫ్యాన్ మోగుతూనే ఉంటే దుమ్ము పట్టిందని అనుమానించండి. ఆఫీసు మెషీన్ అయితే మీరు విప్పొద్దు.

సమస్య: స్క్రీన్ ఒక్కసారి నల్లబడి తిరిగొస్తుంది

గ్రాఫిక్స్ కార్డు 2 సెకన్లు బదులివ్వకపోతే విండోస్ దాన్ని రీసెట్ చేస్తుంది. పెద్ద రెండర్లలో ఇది మామూలే. గేమింగ్ డ్రైవర్ తీసేసి, మీ సాఫ్ట్‌వేర్ కంపెనీ సర్టిఫై చేసిన వెర్షన్ వేయండి. రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగ్‌ల చోటు) ఆ గడువు పెంచమని సలహాలు దొరుకుతాయి. రెండర్ కోసమైతే సరే, మామూలు పనిలోనూ నల్లబడుతుంటే గడువు పెంచడం వల్ల జబ్బు దాగుతుందంతే.

లినక్స్‌లో

ఉబుంటులో ప్రైమ్-సెలెక్ట్ కమాండ్‌తో ఇంటెల్, ఎన్విడియా, ఆన్-డిమాండ్ మూడింట్లో ఒకటి ఎంచుకోవచ్చు. రోజువారీకి ఆన్-డిమాండ్ (అవసరమైనప్పుడే ఎన్విడియా) చాలు. మార్చాక రీబూట్ చేయండి, లేకపోతే పాత మోడ్‌లోనే నడుస్తూ ఉంటుంది.