పొట్ట తేలిన రంగుటద్దాల కిటికీని ఇలా బాగుచేశాను

అద్దపు ముక్కలను పట్టి ఉంచే సీసపు పట్టీలు సాగి కిటికీ పలక మధ్యలో పొట్ట తేలింది. పగిలింది మాత్రం నీలం ముక్క ఒక్కటే. విప్పే ముందు పైన కాగితం పరిచి, పెన్సిల్‌తో రుద్ది ప్రతి గీతకూ అచ్చు తీసుకున్నాను. ఈ అచ్చు లేకుండా పట్టీని ముట్టుకోకూడదు. పాత పుట్టీని తడిపి, మాస్కు పెట్టుకునే గీకాను. సీసం దుమ్ము విషం.

నీలం ముక్కను మార్చడానికి మనసొప్పలేదు. అంత లోతైన రంగు మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది? అంచులు శుభ్రం చేసి, పల్చటి ఎపాక్సీ జిగురును పగుల్లోకి పారనిచ్చాను. వెలుతురుకు పట్టి చూస్తే ఇప్పుడు వెంట్రుకంత గీత కనిపిస్తుంది, అంతే.

కొత్త పట్టీల కీళ్ళకు 60 పాళ్ళు తగరం, 40 పాళ్ళు సీసం ఉన్న టంకం వేశాను. అవిసె నూనె, సుద్దపొడి కలిపిన ముద్దను బ్రష్షుతో పట్టీల కిందికి కూరాను. వాననీటిని ఆపేది అదే. మళ్ళీ ఉబ్బకుండా అడ్డకడ్డీ బిగించి, పలకను రాగి తీగలతో దానికి కట్టాను.