టన్‌బ్రిడ్జ్ వెల్స్ ఆపెరా హౌస్‌లో ఒక మధ్యాహ్నం గడపదలచినవారికి

ఇంగ్లండులోని కెంట్ కౌంటీలో, రాయల్ టన్‌బ్రిడ్జ్ వెల్స్ పట్టణంలో 1902లో నాటకశాలగా తెరుచుకున్న ఆపెరా హౌస్ కొన్నాళ్లు సినిమా హాలుగా, మరికొన్నాళ్లు బింగో ఆటశాలగా నడిచి, 1990లలో పబ్బులు నడిపే వెదర్‌స్పూన్ సంస్థ చేతిలో పబ్బుగా మారింది. మన ఊళ్లలో పాత హాళ్లు ఫంక్షన్ హాళ్లయి ఆనవాలు పట్టలేకుండా పోవడం చూసినవారికి, ఇక్కడ వేదిక, పక్కనుండే బాక్సులు (కొద్దిమంది విడిగా కూర్చుని చూసే అరలు), పైకప్పు నగిషీలు ఇంకా నిలిచి ఉండటం ముచ్చట గొలుపుతుంది.

లండన్ చేరింగ్ క్రాస్ నుంచి రైలులో సుమారు గంట ప్రయాణం. స్టేషన్ నుంచి మౌంట్ ప్లెజెంట్ రోడ్డు వెంట ఎగువకు కొద్దిగా నడిస్తే చాలు. వారాంతపు రాత్రి జనంలో కట్టడం కంటికి ఆనదు కనుక, పనిరోజు మధ్యాహ్నం వెళ్లడం మేలు. లోపలికి అడుగుపెట్టగానే కౌంటర్ వైపు పరుగెత్తకుండా, ముందు హాలు మధ్యలో నిలబడి ఒకసారి తల ఎత్తి చూడండి.

తరువాత ఖాళీ బల్ల చూసుకుని, దాని నంబరు గుర్తుపెట్టుకుని కౌంటర్ దగ్గరికి వెళ్లాలి. ఆర్డరు ఇచ్చినప్పుడే డబ్బు కట్టాలి, టిప్పు ఇవ్వనవసరం లేదు. పద్దెనిమిదేళ్లు నిండినా, ఇరవై అయిదుకు లోపు కనిపించేవారిని గుర్తింపు అడగడం అక్కడ మామూలు కాబట్టి పాస్‌పోర్టు వెంట ఉండాలి. చేతిపంపుతో తోడే ఏల్ అనే సంప్రదాయ ఇంగ్లీషు బీరు మన బీరులా గడ్డకట్టేంత చల్లగా ఉండదు. 11 నుంచి 13 డిగ్రీల మధ్య పోస్తారు, అది లోపం కాదు. పంపు పిడికి తగిలించిన పేరు బిళ్ల వెనక్కి తిరిగి ఉంటే ఆ పీపా అయిపోయిందనో, ఇంకా సిద్ధం కాలేదనో అర్థం. రుచి తెలియకపోతే కొంచెం చవిచూపమని అడగవచ్చు. అయినా మొదటిసారి 568 మిల్లీలీటర్ల పింట్ కంటే సగం పింట్‌తో మొదలుపెట్టడమే తెలివైన పని. మద్యం పుచ్చుకోనివారు టీ, కాఫీతోనూ నిశ్చింతగా కూర్చోవచ్చు.

పబ్బయ్యాక కూడా ఈ వేదికపై అడపాదడపా ఆపెరా (పాటలతో నడిచే నాటకం) ప్రదర్శనలు జరిగాయి. అటువంటిదేమైనా ఉందేమో ముందే ఫోన్ చేసి కనుక్కుని, కుదిరితే ఆ రోజుకే ప్రయాణం పెట్టుకోండి.