హైదరాబాద్ నుంచి లండన్‌కు ఎంత దూరం, ఎన్ని గంటలు? లెక్క వేయడం ఎలా?

వేసవిలో ఉదయం 7 గంటలకు హైదరాబాద్‌లో బయలుదేరి మధ్యాహ్నం 12.30కు లండన్ చేరతారని టికెట్ మీద ఉందనుకుందాం. ప్రయాణం ఐదున్నర గంటలే అనుకుంటే పొరపాటే. అసలు లెక్క కాగితం మీద మీరే వేసుకోవచ్చు.

1. దూరం కొలవండి

గోడ మీది పటాన్ని నమ్మకండి. గుండ్రటి భూమిని బల్లపరుపుగా పరిచేసరికి ఉత్తరాది దేశాలు సాగిపోతాయి. గ్లోబు తీసుకుని, హైదరాబాద్ దగ్గర దారం కొసను వేలితో నొక్కిపట్టి, రెండో కొసను లండన్ దాకా బిగించి లాగండి. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న గ్లోబు అయితే దారం 18 సెం.మీ. పైచిలుకు వస్తుంది. ఆ గ్లోబు చుట్టుకొలత 94 సెం.మీ., భూమిది సుమారు 40,000 కి.మీ. అంటే ఒక్కో సెంటీమీటరు దాదాపు 425 కి.మీ. మొత్తం 7,750 కి.మీ. దగ్గర తేలుతుంది. గ్లోబు లేనివారికి గూగుల్ మ్యాప్స్‌లో దూరం కొలిచే సదుపాయం ఉంది.

శాన్‌ఫ్రాన్సిస్కోకు కూడా ఒకసారి దారం లాగి చూడండి. అది పసిఫిక్ మీదుగా అడ్డంగా పోదు, సైబీరియా ఎక్కి అలాస్కా మీదుగా దిగుతుంది. సుమారు 13,500 కి.మీ.

2. దారం కింద ఏయే దేశాలున్నాయో చూడండి

లండన్ దారం గుజరాత్, పాకిస్తాన్, ఇరాన్, కాస్పియన్ సముద్రం, ఉక్రెయిన్, పోలండ్ మీదుగా పోతుంది. చిక్కంతా ఇక్కడే. 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైనప్పుడు ఉక్రెయిన్ గగనతలం పౌర విమానాలకు మూతపడింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ భారతీయ విమానాలకు తన గగనతలాన్ని మూసింది. అందుకే దారం చూపే దూరానికి కనీసం ఐదు శాతం కలపండి. 8,150 కి.మీ. అనుకుందాం. చుట్టు ఎక్కువైతే ఇదీ చాలదు.

3. గంటల్లోకి మార్చండి

పెద్ద జెట్ విమానం గంటకు దాదాపు 900 కి.మీ. వేగంతో పోతుంది. అయితే అంత ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి, చలికాలంలో మరీ ఎక్కువ. 2020 ఫిబ్రవరిలో ఆ గాలి ఊపుతోనే బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. మామూలుగా ఆరు గంటలకు పైగా పట్టే దారి అది.

కాబట్టి పడమటికి వెళ్లేటప్పుడు 850తో, తూర్పుకు వచ్చేటప్పుడు 950తో భాగించి, పైకి లేవడానికి, దిగడానికి అరగంట కలపండి. వెళ్లేటప్పుడు సుమారు పది గంటలు, తిరిగి వచ్చేటప్పుడు తొమ్మిది.

4. టికెట్‌తో సరిచూసుకోండి

లండన్ మనకంటే వేసవిలో నాలుగున్నర గంటలు, చలికాలంలో ఐదున్నర గంటలు వెనుక. పడమటికి వెళ్తే ఈ తేడాను కలపాలి, తూర్పుకు వస్తే తీసేయాలి. పై టికెట్‌లోని ఐదున్నరకు నాలుగున్నర కలిపితే పది గంటలు. మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో అక్కడ గడియారాలు మారుస్తారు, ఆ రోజుల్లో ప్రయాణమైతే తేడాను మళ్లీ చూసుకోండి. దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారేవారు ఒక్కో ప్రయాణాన్నీ విడివిడిగా లెక్కించి, మధ్యలో ఆగే సమయం చివర్లో కలుపుకోవాలి.