‘సినెక్‌డకీ, న్యూయార్క్’ సినిమాను మళ్లీ మళ్లీ చూడడం ఎలా?

రచయితగా పేరు తెచ్చుకున్న చార్లీ కాఫ్‌మన్ తొలిసారి దర్శకత్వం వహించిన ‘సినెక్‌డకీ, న్యూయార్క్’ 2008లో వచ్చింది. స్కెనెక్టడీ పట్టణంలో నాటకాలు వేయించే కేడెన్ కొటార్డ్ (ఫిలిప్ సీమోర్ హాఫ్‌మన్)కు పెద్ద గ్రాంటు దొరికితే, ఆ డబ్బుతో న్యూయార్కులోని బ్రహ్మాండమైన గిడ్డంగిలో తన బతుకునే నాటకంగా కట్టడం మొదలుపెడతాడు. పదిహేడేళ్లు గడిచాక కూడా, ప్రేక్షకులు ఎప్పుడు వస్తారని నటులు అడుగుతూనే ఉంటారు.

మొదటిసారి ఎక్కడా ఆపకుండా చూడండి. నేను ఏది నిజమో ఏది భ్రమో తేల్చాలని కాగితం, కలం పట్టుకుని కూర్చున్నాను. సగం సినిమా ఆ రాతల్లోనే పోయింది. కేడెన్ నాటకశాలలో టికెట్లమ్మే హేజెల్ కొనబోయే ఇల్లు, ఆమె చూడడానికి వెళ్లేటప్పటికే మండుతూ ఉంటుంది. మంటల్లో పోతానేమోనని బెంగపడుతూనే ఆమె దాన్ని కొంటుంది. మనమూ ఈ సినిమాలోకి అలాగే అడుగుపెట్టాలి.

రెండోసారి తేదీలను మాత్రమే పట్టుకోండి. తొలి సన్నివేశంలో రేడియో సెప్టెంబరు 22 అంటుంది. కుటుంబం ఇంకా ఉదయపు ఫలహారం దగ్గరే ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ పేపరు చేతికి వచ్చేసరికి అక్టోబరు అవుతుంది, ఆ వెంటనే నవంబరు. ఒక్క ఉదయమని మనం నమ్మిన దానిలో వారాలు జారిపోయాయన్నమాట. ఈ ఒక్క సంగతి గమనిస్తే, భార్య ఎడెల్ వెళ్లి వారమే అయిందని కేడెన్ అనుకోవడం, ఏడాది అయిందని హేజెల్ సరిదిద్దడం వింతగా తోచవు; పనిలో మునిగిన మనిషికి కాలం ఎలా కనబడుతుందో అలాగే కనబడుతుంది. నా దృష్టిలో సినిమాకు ఆయువుపట్టు ఇదే.

తరువాత ఎప్పుడైనా, కేడెన్‌ను వదిలేసి అతని వెనుక నేపథ్యాన్ని చూడండి. ఇరవై ఏళ్లుగా నిన్ను వెంబడిస్తున్నానని చెప్పి, నాటకంలో కేడెన్ పాత్ర సంపాదించే సామీ, తొలి సన్నివేశాల్లోనే వీధికి అవతల నిలబడి ఉంటాడు. అప్పుడు అతన్ని గమనించేవారు అరుదు.

పేర్ల గురించి కొంత తెలిసి ఉండడం మంచిదే. కొటార్డ్ పేరుతో ఒక మానసిక రుగ్మత ఉంది. తాను చనిపోయానని రోగి నమ్ముతాడు. సినెక్‌డకీ అంటే మన ఉపలక్షణం వంటిది: ‘నాలుగు మెతుకులు తిని వెళ్లండి’ అన్నప్పుడు మెతుకు భోజనమంతటికీ బదులు నిలుస్తుంది. గిడ్డంగి కూడా ఊరంతటికీ అలాగే నిలవబోయి, ఊరంత పెరిగిపోతుంది.

చివరి భాగాన్ని ఒకసారి ఇయర్‌ఫోన్లతో వినండి. నాటకంలో కేడెన్ స్థానాన్ని తీసుకున్న నటి మిలిసెంట్ గొంతు అతని చెవిలో ఏం చెబితే అతను అదే చేస్తుంటాడు. ఆమె ఇచ్చే ఆఖరి ఆజ్ఞ ఒక్క మాట. అది మీ చెవినే పడాలి.